విద్యార్థుల పరస్పర బోధనము

మన బాలబాలికలు బడిలో ఇచ్చిన ఇంటిపనిని తాము చేయక అంతర్జాలముచేత చేయించుకొనుచున్నారను ఫిర్యాదు ఉపాధ్యాయుల నోటను, తల్లిదండ్రుల నోటను నేడు తరచు వినవచ్చుచున్నది. లెక్క తెగని బాలుడు దానిని సెల్‌ఫోనుతో ఫోటో తీసి పంపును. తానెన్నడును చూచి యెరుగని మరియొక బాలుడు, వేరొక ఊరినుండియో వేరొక రాష్ట్రమునుండియో, దానిని సాధించి తిరిగి పంపును. గణితమునకు మాత్రమే కాదు. భౌతిక రసాయన శాస్త్రములకు, చరిత్రకు, ఇంగ్లీషు వ్యాకరణమునకు, తుదకు తెలుగు పద్యముల ప్రతిపదార్థములకు సైతము ఈ సాహాయ్యము దొరకుచున్నది. దీనిని కొందరు విద్యాదానమని పొగడుచున్నారు. కొందరు చౌర్యమని తెగడుచున్నారు. ఉభయులును ఒక ప్రశ్న వేసికొనుట మరచినారు. అడిగిన బాలునికి విద్య వచ్చినదా? చెప్పిన బాలుడు బోధించినాడా, లేక చూపి విడిచినాడా? ఈ యాచారము మంచిదో చెడ్డదో ఈ ప్రశ్నకు వచ్చు జవాబును బట్టి తేలవలెను గాని, సెల్‌ఫోనును చూచి తేలరాదు.

ఈ యేర్పాటు నడచు తీరును ముందుగా తెలిసికొనుట మంచిది. పోలండు దేశమున క్రాకోవ్ నగరములో 2009వ సంవత్సరమున ఒక కంపెనీవారు విద్యార్థుల ప్రశ్నోత్తరముల కొక వేదికను స్థాపించిరి. తరువాత బ్రెయిన్లీ యను పేర అది పలుదేశములకు వ్యాపించి మన దేశమునకును వచ్చినది. ప్రశ్న నడుగు విద్యార్థి తన ఖాతాలోని పాయింట్లను కొన్ని వదలుకొనును. జవాబు చెప్పిన విద్యార్థి కవి జమయగును. పాయింట్లు పెరిగిన కొలది బిరుదులు వచ్చును. 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారిచేత బడులు మూతపడిన పిమ్మట ఒక్కొక్క తరగతికి వాట్సాప్ బృందము లేర్పడినవి. బడులు తెరచిన తరువాత కూడ ఆ బృందములు నిలిచియే యున్నవి. ఉపాధ్యాయుడు లేని వేళలలో పిల్లలు ఒకరినొకరు అడిగికొనుట అక్కడ నిత్యకృత్యమైనది.

ఈ సాహాయ్యము నాశ్రయించు వారందరు సోమరులని తలచుట అన్యాయము. తల్లిదండ్రులకు అక్షరజ్ఞానము లేని యింటిలో ఎనిమిదవ తరగతి బాలిక బీజగణితమును ఎవరి నడుగగలదు? కలిగినవారికి ట్యూషను కలదు. 2018వ సంవత్సరములో మన దేశపు గ్రామములలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు పిల్లలలో నూటికి 26.4 వంతులవారు డబ్బిచ్చి ట్యూషనులు చెప్పించుకొనుచుండిరనియు, 2022 నాటికి వారి సంఖ్య 30.5 వంతులకు పెరిగినదనియు 'అసర్' నివేదిక తెలుపుచున్నది. తక్కిన సుమారు డెబ్బదిమందికి బడి విడిచిన తరువాత దిక్కెవరు? అన్నయో, అక్కయో, ప్రక్కయింటి పై తరగతి విద్యార్థియో దిక్కు. వారును లేని చోట ముఖమెరుగని అంతర్జాల స్నేహితుడు దిక్కగుచున్నాడు. దిక్కులేనివానికి దొరకిన ఆసరాను నిందించుటకు ముందు, ఆ దిక్కును తామెందుకు కల్పింపలేకపోయితిమా యని పెద్దలు ఆలోచింపవలెను.

ఇంతకును విద్యార్థి విద్యార్థికి చెప్పుట మనకు క్రొత్త విద్యయా? 1822 జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన రాజధానిలోని బడుల సంగతి విచారించి తెలుపవలసినదిగా కలెక్టర్లకు ఉత్తరువు చేయించెను. బళ్లారి కలెక్టరుగా నుండిన ఏ. డి. కాంబెలు 1823 ఆగస్టులో తన నివేదికను పంపెను. తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున రచించి 1816లో ప్రకటించిన కాంబెలు ఇతడే. నేటి అనంతపురము ప్రాంతము అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. ఆ జిల్లా జనసంఖ్య 9,27,857, బడులు 533, అందు తెలుగు బడులు 226, విద్యార్థులు 6,641 మంది. ఆ బడులలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుటయు, పై చదువు బాలురు క్రింది చదువు బాలురకు చెప్పుటయు మిక్కిలి మెచ్చదగిన పద్ధతియనియు, ఇంగ్లండు దానిని అనుకరించుట యుక్తమే యనియు కాంబెలు వ్రాసెను. మన వీధిబడి యరుగు మీద ఒక్క పంతులు పలు చదువుల పిల్లలను ఎట్లు నడుపగలిగెనో దీనివలన తెలియుచున్నది. గుణింతము వచ్చినవాడు ఓనమాలవానిని దిద్దించును. ఎక్కములు వచ్చినవాడు గుణింతమువానికి ఒప్పచెప్పించుకొనును.

ఇంగ్లండు అనుకరించినదన్న మాట అలంకారము కాదు. మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర శాలకు 1789లో అధికారియైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఈ దేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన శాలలో దానిని ప్రవేశపెట్టెను. ఉపాధ్యాయులు అందుకు సమ్మతింపకపోగా పిల్లలచేతనే పిల్లలకు చెప్పించెను. స్వదేశమునకు పోయి 1797లో ఆ సంగతిని పుస్తకముగా ప్రకటించెను. 1811లో ఇంగ్లండున స్థాపితమైన నేషనల్ సొసైటీ వారి బడులలో 'మద్రాసు పద్ధతి' యను పేర అదియే నడచినది. బెల్ మరణానంతరము అతని ధనముతో స్కాట్లండున సెయింట్ ఆండ్రూస్ పట్టణములో 1833లో తెరచిన విద్యాలయమునకు 'మద్రాసు కాలేజి' యని పేరు. అది నేటికిని ఆ పేరుతోనే యున్నది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవారు సామెత చెప్పుదురు. పెరటి చెట్టు వేరు సీమకు పోయి, సీసాలోనికెక్కి, వెలచీటి తగిలించుకొని తిరిగి వచ్చిన తరువాత మనము దానిని మందుగా మ్రింగుచున్నాము.

అట్లని పూర్వపు బడిని స్వర్గముగా వర్ణించి ఆత్మవంచన చేసికొనుట జాతీయత కాదు. ఆ 6,641 మందిలో బాలికలు అరువదిమంది మాత్రమే. జనసంఖ్యతో పోల్చగా వేయింటికి సుమారు ఏడుగురు మాత్రమే బడికి పోవుచుండిరి. ఆ బడి తలుపు అనేక కులములవారికి మూసియే యుండెను. కాంబెలు ఆ బడుల పద్ధతిని మెచ్చుచునే మరియొక లోపమును చూపెను. వాడుక భాషకు దూరమైన పద్యములను పిల్లలు వందలకొలది వల్లించుచున్నారనియు, వాని యర్థము చిలుకకు తెలిసినంత మాత్రమే వారికి తెలియుననియు అతడు వ్రాసెను. చెప్పించు పద్ధతి మంచిదే. చెప్పినది అర్థమైనదా యని అడుగు నలవాటు లేకపోయెను. ఇంగ్లండులోను అదియే జరిగినది. ఒక్క ఉపాధ్యాయునితో వందలమంది పిల్లలకు చౌకగా చదువు చెప్పవచ్చునను లోభముచేత వారు ఆ పద్ధతిని యంత్రమువలె త్రిప్పిరి. తామే సరిగా నేర్వని పసివారు ఇతరులకు నేర్పలేరని తెలిసికొని 1846లో, వేతనమిచ్చి కొన్నియేండ్లు శిక్షణ నిచ్చు బాలోపాధ్యాయుల యేర్పాటునకు మారిరి. ఈ చరిత్రవలన మనకు రెండు పాఠములు కలవు. అర్థమునకు మారుగా అక్షరమును అందిచ్చు బోధ బోధ కాదు. ఉపాధ్యాయుని ప్రక్కన నిలిచినప్పుడు పరస్పర బోధనము అమృతము. అతని స్థానమున నిలిచినప్పుడు అది మోసము.

ఈ రెండు పాఠములతో నేటి అంతర్జాలపు ఇంటిపనిని పరీక్షింతము. వేదిక పాయింట్లిచ్చునది జవాబునకు. త్వరగా చెప్పినవాడు ఎక్కువ చెప్పగలడు; ఎక్కువ చెప్పినవాడు బిరుదు పొందును. అడిగిన బాలుడు ఎక్కడ తడబడినాడు, ఏ మెట్టు దాటలేకపోయినాడు, క్రిందటి తరగతిలోని భిన్నములు వానికి వచ్చునా రావా యని విచారించుటకు తీరిక లేదు. విచారించినవానికి లాభమును తక్కువ. లెక్క మొదటినుండి తుదివరకు సాధింపబడి వచ్చును. బాలుడు చూచివ్రాత వ్రాయును. ఆ లెక్క తప్పైనను వానికి తెలియదు. మరునాడు అంకెలు మార్చి అదే లెక్క యిచ్చినచో మరల ఫోటో తీయవలసినదే. అరుగు మీది బాలుడు ఇసుకలో వ్రాసినప్పుడు ప్రక్కవాడు తప్పును చూచి చేయి పట్టి దిద్దెడివాడు. ఇక్కడ చేయి లేదు, తప్పు కనబడదు, జవాబు మాత్రము మిగిలినది. పూర్వపు చిలుక పద్యమునైన కంఠస్థము చేసెడిది. నేటి చిలుకకు ఆ శ్రమయు తప్పినది.

ఇంతలో మరియొక విశేషము సంభవించినది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ యను కృత్రిమ మేధ లోకమునకు తెరువబడినది. ఏ పాఠములోని యే ప్రశ్న వేసినను క్షణములో జవాబు వ్రాయు యంత్రమది. దాని ప్రభావము మొదట తగిలినది జవాబుల వర్తకులకే. అమెరికాలోని చెగ్ యను కంపెనీ విద్యార్థులవద్ద చందాలు పుచ్చుకొని ఇంటిపనికి జవాబు లొసంగెడిది. వానిని వ్రాసినవారిలో మన దేశపు పట్టభద్రులు వేలకొలది కలరు. ఆ యంత్రము తమ చందాదారుల వృద్ధిని తగ్గించుచున్నదని 2023 మేలో కంపెనీ యధిపతి చెప్పగానే దాని వాటాల వెల ఒక్క దినములో సుమారు సగము పడిపోయినది. 2025 అక్టోబరులో ఆ కంపెనీ తన ఉద్యోగులలో నూటికి 45 మందిని తొలగింతునని ప్రకటించినది. జవాబునకు వెలయున్నంతకాలమే జవాబుల బజారు. జవాబు ఊరబావి నీటివలె ఎల్లరకు ఉచితమైనప్పుడు దానిని అమ్మువానికి గాని, దానిని వ్రాసి చూపిన విద్యార్థికి గాని విలువ యేమున్నది?

అయితే దీనివలన పరస్పర సాహాయ్యమునకు కాలము చెల్లినదని తలచువారు పొరబడుచున్నారు. చెల్లినది చూపుటకు, చెప్పుటకు కాదు. యంత్రమును సరిగా ప్రశ్నించుటకును, అది తప్పు చెప్పినప్పుడు పట్టుకొనుటకును బాలునికి ముందే కొంత తెలిసియుండవలెను. ఏమి తెలియదో కూడ తెలియని బాలుని ముఖము చూచి, వీనికి ఋణ సంఖ్యల గుర్తులు తెలియలేదని కనిపెట్టగలవాడు ఉపాధ్యాయుడు. అతని తరువాత, నిన్నటిదాక అదే తప్పు చేసి దిద్దుకొన్న సహాధ్యాయి. దారి తప్పినచోటు ఆ దారిన ఇటీవల నడచినవానికి బాగుగా జ్ఞాపకముండును. చెప్పుటవలన చెప్పువాని జ్ఞానము కూడ స్థిరపడును. విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకొనుట నేర్చువానికే గాక నేర్పువానికిని మిక్కిలి ఉపకరించునని 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ అంగీకరించి, శిక్షితులైన ఉపాధ్యాయుల పర్యవేక్షణలో దానిని స్వచ్ఛందముగా నడుపవచ్చునని చెప్పినది. రెండువందల యేండ్ల క్రిందట మన యరుగులపై నుండినదే యిది.

తెలుగు విద్యార్థికి ఈ విషయమున మరియొక చిక్కు కలదు. అది భాష. ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును నెలకొల్పుటకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2019 నవంబరులో ఇచ్చిన ఉత్తరువును హైకోర్టు 2020 ఏప్రిలులో కొట్టివేసినది. తెలంగాణ ప్రభుత్వమువారు 2022-23 విద్యాసంవత్సరమునుండి తమ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టి, ఒక పుటలో ఇంగ్లీషును ఎదుటి పుటలో తెలుగును గల పుస్తకముల నిచ్చిరి. ఏ మాధ్యమము మేలను వివాద మెట్లున్నను, ఇంగ్లీషులో పాఠము విని తెలుగులో ఆలోచించు బాలబాలికలు నేడు లక్షలకొలది కలరనుట నిర్వివాదము. అంతర్జాల వేదికనుండి వచ్చు ఇంగ్లీషు జవాబును ఈ బాలుడు అక్షరము పొల్లుపోకుండ దింపుకొనును; ఒక్క వాక్యమైనను వానిది కాదు. ప్రక్క బల్ల మీది స్నేహితుడు "ఒరేయ్, బరువు వేరు, ద్రవ్యరాశి వేరు, చంద్రుడి మీద బరువు తగ్గును గాని ద్రవ్యరాశి తగ్గదు" అని రెండు తెలుగు ముక్కలు చెప్పినచో తెర తొలగిపోవును. శాస్త్రవిషయములను తెలుగున చెప్పవలెనని 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు పడిన శ్రమ యిందుకొరకే. ఆ పనిని నేడు ప్రతి తరగతిలోను ఇద్దరు పిల్లలు చేయగలరు.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. మా పిల్లవాడు తన ర్యాంకు కొరకు చదువుకొనక ఇతరులకు చెప్పుచు కూర్చుండుట యెందుకని కొందరు తల్లిదండ్రు లడుగుదురు. ప్రవేశపరీక్షల పోటీలో సహాధ్యాయి శత్రువుగా కనబడుట సహజమే గాని, ఆ పరీక్ష వ్రాయువారు లక్షలు. ప్రక్క బల్లవానికి చెప్పకుండుటవలన తగ్గు పోటీ లేశమును లేదు. చెప్పుటవలన తనకు పాఠము గట్టిపడుట మాత్రము తథ్యము. అంతేకాదు, రేపు పంటకాలువ నీటిని పంచుకొనవలసినవారును, ఒక సహకార సంఘములో కూర్చుండవలసినవారును ఈ పిల్లలే. పది పదునైదేండ్లు తోటివానినుండి విద్యను దాచుకొన నేర్చినవాడు పెద్దవాడైన పిదప నీటిని పంచునా? ఇక రెండవ యాక్షేపణ మరింత బలమైనది. పిల్లలే పిల్లలకు చెప్పుకొనుచున్నారను నెపమున ప్రభుత్వమువారు ఉపాధ్యాయుల ఖాళీలను పూరింపక ఊరకుందురేమో యను భయము నిరాధారము కాదు. ఇంగ్లండు చేసిన తప్పు అదియే. కావున ఈ పద్ధతి ఏ బడిలోను ఒక్క ఉపాధ్యాయ పదవికి ప్రత్యామ్నాయము కారాదని స్పష్టముగా శాసింపవలెను.

ఇప్పుడు చేయవలసిన పనులు పెద్ద వ్యయముతో కూడినవి కావు. మొట్టమొదట ఉపాధ్యాయులు ఇంటిపని స్వరూపమును మార్చవలెను. పుస్తకములోని పది లెక్కలకు మారుగా మూడు లెక్కలిచ్చి, ఏ మెట్టు ఎందుకు వేసితివో నీ మాటలలో వ్రాయుమని యడుగవలెను. మరునాడు ఒకరిద్దరిని నల్లబల్లవద్దకు పిలిచి నోట చెప్పింపవలెను. నోట చెప్పవలసివచ్చునని తెలిసినవాడు చూచివ్రాతకు సాహసింపడు. రెండవది, బడి విడిచిన తరువాత ఒక గంట, ఒక ఉపాధ్యాయుని కనుసన్నలలో, పై తరగతి పిల్లలు క్రింది తరగతివారికి చెప్పు నేర్పాటు కావలెను. దానికి మూడు నియమములు చాలును. అడుగువాడు తాను చేసినంతవరకు ముందుగా చూపవలెను. చెప్పువాడు ఒక్క మెట్టు మాత్రమే చెప్పి తక్కినది వానిచేతనే చేయింపవలెను. తుదకు అడిగినవాడు దానిని తిరిగి చెప్పవలెను. తరగతి వాట్సాప్ బృందములకును ఇవే నియమములు వర్తింపజేసినచో సెల్‌ఫోనే అరుగుగా మారును.

మూడవది గ్రంథాలయములు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నెలకొల్పబడిన నాటినుండి అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు పుస్తకమును ఊరి నడుమకు తెచ్చిరి. చదువను రానివారికి చదువు వచ్చినవారు వార్తలు చదివి వినిపించుట ఆ యుద్యమమునందు ఒక భాగము. నేడు అనేక శాఖా గ్రంథాలయములలో సాయంకాలము బల్లలు ఖాళీగా నుండును. ఇంట చదువుకొనుటకు చోటును వెలుతురును లేని పిల్లలకు ఆ బల్లలను విడిచి, కళాశాల విద్యార్థులను వారానికొక సాయంకాలము అక్కడకు రప్పించుట జిల్లా గ్రంథాలయ సంస్థలకు అసాధ్యము కాదు. ఊరిలోని మోతుబరులు ఒక దీపము, ఒక కుర్చీ, రెండు నిఘంటువులు సమకూర్చినను అది దేవాలయపు అఖండ దీపము వంటి పుణ్యకార్యమే యగును.

నాల్గవది ప్రభుత్వముల కర్తవ్యము. 2017లో కేంద్ర ప్రభుత్వమువారు స్థాపించిన 'దీక్షా' వేదిక పాఠములకు బాగుగా ఉపకరించుచున్నది. దానివలెనే తెలుగు విద్యార్థులు తెలుగున ప్రశ్నించి తెలుగున చెప్పుకొను వేదికను, ఉపాధ్యాయుల పర్యవేక్షణతో, వెలయు వ్యాపార ప్రకటనలును లేకుండ రెండు రాష్ట్ర ప్రభుత్వములును కలిసి నడుపవచ్చును. భాష ఒకటి, ఆ భాషలో ఆలోచించు పిల్లలు వీరు. ఇందు రాష్ట్రముల సరిహద్దు అడ్డు రానక్కరలేదు. ప్రైవేటు వేదికల విషయములో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి సమాచారము పుచ్చుకొనుటకు తల్లిదండ్రుల అనుమతి నవశ్యము చేసినది. బాలల నడవడిని కనిపెట్టి వారికి ప్రకటనలు గురిపెట్టుట నిషేధించినది. 2025 నవంబరులో ప్రకటితములైన నియమములు ఈ బాధ్యతల అమలునకు 18 నెలల గడువిచ్చినవి. పిల్లలు పిల్లల కుచితముగా వ్రాసిన లక్షల జవాబులే ఈ కంపెనీల మూలధనము. ఆ శ్రమకు ప్రతిఫలము పాయింట్లు, ఆస్తి యితరులది. గడువు తీరు వరకు నిద్రించి తరువాత విచారించుటకంటె, తమ పిల్లలు ఎచ్చట ఏమి వ్రాయుచున్నారో తల్లిదండ్రులు నేడే తెలిసికొనుట మేలు.

మన పూర్వుల యరుగు మీద ఒక పంతులు, కొంత ఇసుక, పిల్లవాని ప్రక్కన మరియొక పిల్లవాడు ఉండిరి. ఇసుకకు మారుగా అద్దపు పలక వచ్చినది. అందుకు విచారింప పనిలేదు. పంతులును, ప్రక్కనుండు పిల్లవాడును తొలగిపోయి పలక మాత్రమే మిగులుట విచారకరము. ఆ యరుగు నాడు అరువదిమంది బాలికలకును కొన్ని కులముల బాలురకును మాత్రమే చోటిచ్చినది. నేడు ప్రతి బిడ్డకును చోటిచ్చు అరుగును తిరిగి కట్టుట మన చేతిలో నున్నది. వేసవి సెలవుల పిమ్మట బడులు తెరచునప్పుడు ప్రతి ప్రధానోపాధ్యాయుడును తన బడిలో సాయంకాలపు గంట నొకదానిని ఇందుకు కేటాయించునుగాక. ప్రతి తల్లియు తండ్రియు ఇంటికి వచ్చిన బిడ్డను "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని యడుగుటతో ఆగక, "నేడెవరికి ఏమి చెప్పితివి?" అని కూడ అడుగుదురుగాక.